జాలీ లోపలే ఉండిపోయిన రక్తపింజరులు: బెంగళూరు శివారులో ఒక కేసు

నేపథ్యం

ఈ కేసు బెంగళూరు ఆగ్నేయ శివారులోని ఒక విల్లాల లేఅవుట్‌కు సంబంధించినది. దానికి ఒకవైపు చెరువు కట్ట, మరోవైపు రాజకాలువ (వాననీరు పోయే పెద్ద కాలువ), మిగిలిన రెండు వైపులా రోడ్డూ ఒక ఖాళీ స్థలమూ ఉన్నాయి. లేఅవుట్ పేరూ చెరువు పేరూ ఇక్కడ రాయడం లేదు. మనుషుల వివరాలను కూడా గుర్తుపట్టే వీలు లేకుండా మార్చాను. ఇళ్లు రాకముందు ఇది రాగులూ ఉలవలూ పండిన మెట్ట. నివాసుల్లో ఎక్కువ మంది తెలుగువాళ్లు, తోటపని చేసేవాళ్లు హిందూపురం, మడకశిర వైపు నుంచి వచ్చిన కుటుంబాలవాళ్లు, కాపలా సిబ్బందిలో చాలామంది కన్నడిగులు. పాముల వల్ల ఇబ్బంది ఉన్న చోట స్థలాన్ని పరిశీలించి ఏం చేయాలో చెప్పడం నా వృత్తి. రక్తపింజరి వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 కింద రక్షణ ఉన్న జంతువు కాబట్టి, పట్టవలసి వచ్చినప్పుడు అటవీ శాఖకు తెలియజేసి, అనుమతి ఉన్నవాళ్లతోనే ఆ పని చేయిస్తాను.

ఈ కేసును రాసి పెట్టడానికి కారణం ఉంది. ఇక్కడి నివాసుల సంఘం నిర్లక్ష్యం చేయలేదు. డబ్బు పెట్టింది, మనుషులను పెట్టింది, అడిగిన వాళ్లందరి సలహా తీసుకుంది. అయినా రెండేళ్లలో పాములు ఎక్కువయ్యాయి. ఆ జీవి ఏడాదిలో ఏ నెలలో ఏం చేస్తుందో చూడకుండా తీసుకున్న చర్యలు ఒకదాన్నొకటి ఎలా దెబ్బతీస్తాయో ఇంత స్పష్టంగా కనిపించిన స్థలాలు నాకు తక్కువ ఎదురయ్యాయి.

రక్తపింజరి తీరు

మనిషి అలికిడికి జెర్రిపోతు పారిపోతుంది, నాగుపాము పడగ విప్పుతుంది. రక్తపింజరి సాధారణంగా కదలదు. వీపు మీద మూడు వరుసల్లో గొలుసులా సాగే నల్లంచు గోధుమరంగు మచ్చలు ఎండుటాకుల్లో కలిసిపోతాయి కాబట్టి, కదలకుండా ఉండటమే దానికి రక్షణ. బాగా దగ్గరికి వెళ్తే చుట్ట చుట్టుకుని ప్రెషర్ కుక్కర్ ఆవిరి వదిలినట్టు పెద్దగా, ఎడతెగకుండా బుసకొడుతుంది. ఆ బుస వినిపించేసరికే మనిషి అడుగు దూరంలో ఉంటాడు. వేట కూడా అలాంటిదే: ఎలుకలు తిరిగే దారి పక్కన మాటు వేసి గంటల తరబడి ఎదురుచూస్తుంది. ముఖ్య ఆహారం ఎలుకలు, పందికొక్కులు. పిల్లలు బల్లులను, తొండలను కూడా తింటాయి. దట్టమైన అడవి దీనికి నచ్చదు. గడ్డి, తుప్పలు, పొలం గట్లు, రాళ్ల సందులు దీని చోట్లు.

ఈ కేసుకు అన్నిటికంటే ముఖ్యమైన సంగతి, ఇది గుడ్లు పెట్టదు, పిల్లల్ని కంటుంది. చలికాలంలో జతకడుతుంది, ఆరు నెలలకు పైగా కడుపుతో ఉంటుంది, ఎక్కువగా జూన్, జూలై నెలల్లో ఈనుతుంది. ఒక్క ఈతలో 20 నుంచి 40 పిల్లలు మామూలే. పుట్టినప్పుడు పిల్ల పొడవు జానెడు, జానెడున్నర ఉంటుంది. కోరలూ విషమూ పుట్టుకతోనే ఉంటాయి. పెద్దవి రాత్రిపూట తిరుగుతాయి గానీ, చలి రోజుల్లో పొద్దుటి ఎండకు బయటికి వచ్చి పడుకుంటాయి. బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్లకు పైన ఉన్న ఊరు కాబట్టి డిసెంబరు, జనవరి నెలల్లో ఈ అలవాటు ఇక్కడ బాగా కనిపిస్తుంది.

1780లలో విశాఖపట్నంలో పనిచేసిన ప్యాట్రిక్ రస్సెల్ కోరమండల్ తీరపు పాములను పరిశీలిస్తూ దీన్ని 'కాటుకరేకులపొడ' అన్న తెలుగు పేరుతోనే నమోదు చేశాడు. మన వాళ్లకు రెండు శతాబ్దాలకు ముందే ఇంత బాగా తెలిసిన పామును ఈ రోజు నగరంలో కొండచిలువ పిల్ల అనుకుని చేత్తో ఎత్తబోతున్నారంటే నాకు బాధ కలుగుతుంది. మన దేశంలో 2000 నుంచి 2019 వరకు పాముకాటుతో ఏటా సగటున 58,000 మంది చనిపోయారని అంచనా. వాటిలో పెద్ద వాటా ఈ పాముది.

సమస్య

సంఘం నన్ను పిలిచింది ఒక కాటు తరువాత. జూలైలో ఒక ఉదయం తోటమాలి ఒకరు డురాంటా మొక్కల కంచె కింద పోగైన ఎండుటాకులను చేత్తో ఎత్తుతుండగా వేలి మీద కాటు పడింది. పాము జానెడు కంటే కొంచెం పొడవు. "పిల్లపాము, దానికి విషమెక్కడిది" అని తోటి పనివాళ్లు అన్నా, మేస్త్రి వినలేదు. తాడు కట్టనివ్వలేదు, గాటు పెట్టనివ్వలేదు, ఉంగరం తీయించి, చెయ్యి కదలకుండా పెట్టి, డయాలిసిస్ సౌకర్యం ఉన్న పెద్దాసుపత్రికి కారులో తీసుకెళ్లాడు. అక్కడ పొడి గాజు గొట్టంలో కొద్దిగా రక్తం తీసి 20 నిమిషాలు కదపకుండా ఉంచి వంచి చూస్తే, రక్తం గడ్డకట్టలేదు, నీళ్లలాగే జారింది. విరుగుడు మందు ఎక్కించారు. చేతి వాపు తగ్గడానికి వారాలు పట్టినా మనిషి కోలుకున్నాడు. రక్తపింజరి విషం రక్తం గడ్డకట్టే శక్తిని హరిస్తుంది, మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. పిల్లపాము కాటును తేలిగ్గా తీసుకోకపోవడం వల్లే ఆయన బతికాడని నేను నమ్ముతాను.

సంఘం నా ముందు పెట్టిన ప్రశ్న ఇది: "చెరువు వైపు నుంచి వస్తున్న పాములను లోపలికి రాకుండా ఎలా ఆపాలి?" పాములు చెరువు వైపు నుంచే వస్తున్నాయని ఎవరు తేల్చారని అడిగితే ఎవరి దగ్గరా సమాధానం లేదు. అందరికీ అలా అనిపించింది, అంతే.

అప్పటికే చేసినవి, అవి ఎందుకు పనిచేయలేదు

మొదట ప్రహరీ వెంబడి కార్బాలిక్ ఆమ్లం, గంధకం చల్లారు. వాన పడితే కొట్టుకుపోయే వాసనకు పాము నెలల తరబడి భయపడుతుందని నమ్మడానికి ఆధారం లేదు. పైగా కార్బాలిక్ ఆమ్లం చర్మాన్ని కాలుస్తుంది. పిల్లలూ కుక్కలూ తిరిగే చోట దాన్ని పోయడం పాము కంటే దగ్గరి ప్రమాదం. తరువాత పాములను తరిమే అల్ట్రాసోనిక్ పరికరాలు పచ్చికలో గుచ్చారు. పాముకు బయటి చెవి లేదు. నేల ద్వారా, దవడ ఎముక ద్వారా అది గ్రహించేది ఎక్కువగా కొన్ని వందల హెర్ట్జ్‌ల లోపు అదురును. అల్ట్రాసోనిక్ ధ్వని 20,000 హెర్ట్జ్‌లకు పైన మొదలవుతుంది. పాముకు అందని శబ్దం పామును ఎలా తరుముతుంది?

ఆపైన అసలు ఖర్చు. ప్రహరీ అడుగు నుంచి మూడడుగుల ఎత్తు వరకు సన్న కళ్ల ఇనుప జాలీ బిగించి, కింది అంచును సిమెంటులో పాతారు. వాన నీరు పోయే తూములకూ జాలీలు వేశారు. పని నాణ్యంగా జరిగింది. కానీ మరుసటి వేసవి తరువాత కనిపించిన పాములు అంతకుముందు ఏడాది కంటే ఎక్కువ.

ఇదే సమయంలో, కనిపించిన ప్రతి పామునూ పట్టించి, నగరానికి దూరంగా ఉన్న అడవిలో వదిలించారు. కాపలా గదిలోని పుస్తకం తిరగేస్తే అలా పోయిన వాటిలో అత్యధికం జెర్రిపోతులు. వేగంగా తిరిగే ఈ పెద్ద విషరహిత పాము ఎలుకల బొరియల్లోకే దూరి తింటుంది. దాన్ని పట్టుకెళ్లిపోతే మిగిలేవి ఎలుకలు, వాటి కోసం మాటు వేసే రక్తపింజరి. ఇక ఎలుకలకు మందు పెట్టడం కూడా అయింది. కొన్ని వారాలు తగ్గి, మళ్లీ యథాస్థితికి వచ్చాయి, ఎందుకంటే వాటికి తిండి ఆగలేదు.

పాములు ఎక్కడి నుంచి వస్తున్నాయి?

నేను చేయించిన మొదటి పని పుస్తకంలోని నమోదులను వడకట్టడం. ఒకే పామును తెలుగు ఇళ్లవాళ్లు పింజరి అనీ, కాపలావాళ్లు కొళకు మండల అనీ, ఉత్తరాది నుంచి వచ్చినవాళ్లు కొండచిలువ అనీ రాశారు. రెండు తలల పాము కూడా పింజరి కింద చేరింది. అందుకని ఫోన్‌లో తీసిన ఫొటో ఉన్నవాటినే తీసుకుని, పక్కనున్న ఇటుకతోనో చెప్పుతోనో పోల్చి పొడవు అంచనా వేసి, నెలలవారీగా, లేఅవుట్ పటం మీద చోటువారీగా గుర్తుపెట్టాను.

పటం నింపేసరికి రెండు గుంపులు తేలాయి. చిన్నవన్నీ జూన్ నడుమ నుంచి ఆగస్టు లోపు కనిపించాయి. పెద్దవి డిసెంబరు, జనవరి నెలల్లో, పొద్దున ఎనిమిది నుంచి పదకొండు మధ్య కనిపించాయి. రెండు గుంపులూ ఒకే చోటు చుట్టూ ఉన్నాయి. అది పిల్లల పార్కుకు వెనక, ఎత్తైన నేల జారకుండా పేర్చిన రాతికట్టు. సిమెంటు పూయకుండా రాళ్లు పేర్చిన కట్టు, తూర్పు ఎండ నేరుగా పడే వాలు.

ఇక్కడ రెండు వివరణలకు అవకాశం ఉంది. ఒకటి, తొలకరి వానలకు రాజకాలువ నిండి పాములు లోపలికి కొట్టుకొస్తున్నాయి. రెండోది, ఒకటో రెండో ఆడపాములు ప్రహరీ లోపలే కాపురముండి ఈనుతున్నాయి. మొదటిది నిజమైతే పెద్ద వాన పడిన మరునాడు పింజరులు కనిపించాలి, అవీ కాలువ వైపు కనిపించాలి. పుస్తకంలో పెద్ద వానల తరువాత నమోదైనవి నీరుకట్టెలు. వాటికి కాలువే ఇల్లు కాబట్టి అది సహజం. పింజరి పిల్లలు వానతో సంబంధం లేకుండా, కాలువకు దూరంగా, రాతికట్టు చుట్టూ ఉన్నాయి. పైగా కొద్ది రోజుల తేడాలో అన్ని పిల్లలు సన్న జాలీ దాటి ఒకే చోటికి చేరడం కుదరని పని. రెండోదే నిలబడింది.

రాతికట్టును మోకాళ్ల మీద కూర్చుని చూస్తే సాక్ష్యం ఇంకా బలపడింది. రాళ్ల సందుల్లో పిడికిలి పట్టేంత బొరియ నోళ్లు, వాటి ముందు తాజాగా తోడిన మట్టి కుప్పలు, గోడ పొడవునా పందికొక్కులు తిరిగి నున్నబడిన సన్నటి దారి. ఒక సందులో చిక్కుకుని ఉన్న కుబుసాన్ని నెమ్మదిగా లాగి వెలుతురుకు పట్టి చూశాను. వీపు మీది పొలుసుల నడుమ గీసినట్టు గరుకు గీత ఉంది. తల భాగంలో జెర్రిపోతుకు ఉండే పెద్ద పలకలు లేవు, అంతా చిన్న చిన్న పొలుసులే. అది పెద్ద పింజరి కుబుసం.

అంటే జాలీ పాములను ఆపలేదు. లోపలున్నవాటిని బయటికి పోనివ్వలేదు. పుట్టిన చోటు నుంచి చెదిరి చెరువు గట్టు తుప్పల్లోకి పోవలసిన పిల్లలు ప్రహరీ దాకా వెళ్లి, దారి లేక వెనక్కి మళ్లి, నడకదారుల పక్కన కంచెల్లో చేరాయి. తోటమాలిని కరిచింది అలాంటిదే అయి ఉంటుంది.

పనిచేసినది

మొదట తిండిని ఆపాలి. పందికొక్కులు అంతగా పెరగడానికి రెండు కారణాలు కనిపించాయి: మూత సరిగా పడని కంపోస్టు గుంతలు, రాతికట్టు పైన రోజూ పావురాలకు చల్లే గింజలు. గింజలు వేసేది ఒక పెద్దాయన, భార్య పోయినప్పటి నుంచి ఆమె పేరున చేస్తున్న పని. "ఇన్నేళ్ల నుంచి వేస్తున్నాను, ఆపేయమంటావా నాయనా?" అని అడిగారు. "ఆపొద్దండీ. నేల మీద చల్లకుండా ఎత్తైన పళ్లెంలో పెడదాం. పావురాలు తిన్నాక మిగిలినవి పొద్దుగూకక ముందే తీయిద్దాం" అన్నాను. ఆయన ఒప్పుకోవడమే కాదు, చీకటి పడేలోపు పళ్లెం కడిగి బోర్లించే బాధ్యత తానే తీసుకున్నారు. కంపోస్టు గుంతలకు బిగుతు మూతలు వచ్చాయి. తిండి తగ్గాక పెట్టిన ఎలుక బోనులు ఈసారి ఫలితం చూపాయి. విషం వద్దన్నాను, ఎందుకంటే విషం తిన్న ఎలుకను తిని చచ్చేవి గుడ్లగూబలు, పిల్లులు.

రాతికట్టును మూయడం కష్టమైన నిర్ణయం, కాలం విషయంలో మరీ కష్టం. ఏప్రిల్ నుంచి జూలై వరకు ఆడపాము నిండు కడుపుతోనో పిల్లలతోనో లోపల ఉంటుంది; అప్పుడు రాళ్లు కదిపితే పనివాళ్లకూ ప్రమాదం, పాముకూ చావు. చలి నడిమధ్యలో పాము మందంగా ఉండి తప్పుకోలేదు. ఈనిన తరువాతి నెలలు మేలనిపించినా, సెప్టెంబరు, అక్టోబరుల్లో బెంగళూరు వానలకు సిమెంటు పని నిలవదు. అందుకే ఫిబ్రవరి చివరి నుంచి మార్చి నడుమ వరకు ఉన్న పొడి, వెచ్చని వారాలను ఎంచుకున్నాను. అప్పటికి ఆడపాము కడుపుతో ఉండవచ్చు గానీ బాగా కదలగలదు. ఇది లోపం లేని ఎంపిక కాదు, ఉన్నవాటిలో తక్కువ నష్టమున్నది.

దానికంటే ముందే చెరువు వైపు జాలీని నేల మట్టంలో కొన్ని చోట్ల తీయించాలని చెప్పినప్పుడు సంఘం సమావేశంలో పెద్ద గొడవే అయింది. లక్షలు పోసి వేయించినదాన్ని తీసేయమనడం వాళ్లకు అన్యాయంగా తోచింది. నెలలవారీ పటాన్ని గోడకు వేసి, ఏ ఫొటో ఏ చోటిదో ఒక్కొక్కటిగా చూపించాక ఒప్పుకున్నారు. ఇంటి వాకిళ్లకూ పార్కుకూ ఉన్న జాలీలను ఉంచాం. అక్కడ లోపల కాపురముండే చోటు లేదు కనుక అవి చేయవలసిన పనే చేస్తాయి.

పనిని లోపలి కొన నుంచి మొదలుపెట్టి చెరువు వైపు జరిపాం. ప్రతి సాయంత్రం మరునాడు మూయబోయే బొరియ నోళ్ల ముందు జల్లించిన మట్టి పరిచి, ఉదయం జాడ చూసేవాళ్లం. మట్టి చెదరని నోటిని మాత్రమే రాయీ సిమెంటుతో మూశాం. చెదిరినదాన్ని వదిలి ముందుకు జరిగాం. ఆ క్రమంలో ఒక పెద్ద ఆడపాము బయటపడింది. దూరపు అడవికి పంపాలని కొందరు పట్టుబట్టారు. దీని చోటు అడవి కాదు. పైగా తిరిగిన నేల, ఎలుక దారులు, దాక్కునే సందులు తెలిసిన పామును కొత్త చోట వదిలితే అది అదుపు లేకుండా తిరుగుతుంది, రోడ్లు దాటుతుంది, చాలా సందర్భాల్లో చస్తుంది; ఆ తిరుగుడులో ఇంకెవరి వాకిట్లోనో తేలుతుంది. అటవీ శాఖ సిబ్బంది సమక్షంలో దాన్ని చెరువు గట్టు అవతలి తుప్పల్లోనే వదిలారు.

తోటపనిలో చేసిన మార్పులు చిన్నవి. డురాంటా కంచెల కింది కొమ్మలను అడుగు ఎత్తు వరకు కత్తిరించి, అడుగున నేల కనిపించేలా చేశాం. ఆకులు ఎత్తడానికి చెయ్యి వాడటం పూర్తిగా మాన్పించి పొడుగు కర్ర ఉన్న దంతెలు, మోకాలి దాకా వచ్చే గంబూట్లు ఇప్పించాం. ఈ పాము కోరలు పొడవైనవి కాబట్టి చేతితొడుగును నమ్ముకుని చెయ్యి పెట్టడం ప్రమాదమని ప్రతి ఒక్కరికీ విడిగా చెప్పాం. నడకదారుల్లో దీపాలు సరిచేయించాం. విరుగుడు మందూ డయాలిసిస్సూ రెండూ ఉన్న ఆసుపత్రి ఏది, రాత్రి ఎంతసేపట్లో చేరవచ్చు అన్నది తెలుగు, కన్నడ భాషల్లో రాయించి కాపలా గదిలో అతికించాం. 2024లో కర్ణాటక పాముకాటును తప్పనిసరిగా ప్రభుత్వానికి తెలియజేయవలసిన జాబితాలో చేర్చింది గనుక, కాటు పడితే ఆసుపత్రి చేత నమోదు చేయించాలని కూడా అందులో రాశాం. జెర్రిపోతు కనిపిస్తే ఎవరినీ పిలవకుండా వదిలేయాలన్నది ఇప్పుడు సంఘం నియమం.

తరువాత, నేర్చుకున్నవి

ఆ ఏడాది జూన్, జూలైలలో పిల్లపాములు కనిపించినవి కొద్ది, అవీ జాలీ తీసిన చెరువు వైపు అంచులో కనిపించాయి. తరువాతి చలికాలంలో ఒక పెద్ద పింజరి రాతికట్టు పై అంచున ఎండకు పడుకుని కనిపించి, తనంతట తానే గట్టు వైపు పోయింది. కాబట్టి పింజరులు లేకుండా పోయాయని నేను అనను. చెరువు పక్కన ఉన్నంతకాలం ఉంటాయి. లోపల ఈనడం ఆగింది, మనుషుల చేతులూ కాళ్లూ పడే చోట్లలో ఉండటం ఆగింది. రెండో కాటు పడలేదు.

ఈ వృత్తిలో కొత్తగా వస్తున్నవాళ్లకు చెప్పవలసినది నాకు ముఖ్యంగా ఒకటి తోస్తోంది. పాము కనిపించిందని ఫోన్ రాగానే అందరూ అడిగేది "ఎక్కడ?" అని. "ఏ నెలలో, ఎంత పొడవుది?" అన్నది కూడా అంతే ముఖ్యం. జూన్‌లో కనిపించిన జానెడు పింజరి దగ్గర్లో తల్లి ఉందని చెబుతుంది. జనవరి పొద్దున కనిపించిన పెద్దది దాని చలికాలపు బొరియ పక్కనే ఉందని చెబుతుంది. ఈ రెండూ తెలియకుండా గోడ కట్టమని సలహా ఇవ్వకూడదు. పట్టిన పాముల లెక్కను విజయంగా చూపించడం కూడా మానాలి; ఇక్కడ ఆ లెక్కలో పోయినవి ఎక్కువగా జెర్రిపోతులే.

ఒక పని మిగిలి ఉంది. పక్కనున్న ఖాళీ స్థలంలో కొత్త ఇళ్లకు నేల చదును చేయబోతున్నారు. వర్షాకాలంలో లారీలు బురదలో దిగబడక ముందు, మే నెలలో మొదలుపెట్టాలని వాళ్ల ఆలోచన. అంటే సరిగ్గా ఈత ముందు. ఫిబ్రవరిలో మొదలుపెట్టి, లేఅవుట్ గోడ నుంచి చెరువు వైపు మాత్రమే యంత్రాన్ని నడపాలని, తుప్పలను ముందుగా మనుషులతో కొట్టించి కొద్ది రోజులు వదిలేయాలని సంఘం తరఫున ఉత్తరం రాసిచ్చాను. దానికి ఇంకా జవాబు రాలేదు.